రోగాల మడి

పశుగ్రాస పరిశోధన కేంద్రంలో ఆయన హోదా పూర్తిగా పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. అందుకని అంతా ఆయన్ని రోగాలాయన అనేవారు. ఎదురుగా కాదు, ఎదురుగా ‘సార్’ అనే అనేవారు. కానీ ఫోన్ వస్తే గుమాస్తా రిసీవర్ మీద చెయ్యి అడ్డంపెట్టి “రోగాలాయనకి ఫోనూ” అని కేకేసేవాడు. ఆ కేక మూడు గదులు దాటి, విత్తనాల గదిలో గుడ్డసంచుల మధ్య కూర్చున్న మనిషికి చక్కగా వినబడేది. ఆయన లేచి వచ్చి, ఫోన్ అందుకుని, ఏ మాత్రం నొచ్చుకోకుండా “ఆఁ, నేనే” అనేవాడు.

పేరు ఊరికే రాలేదు. కేంద్రంలో మిగిలినవాళ్లంతా మొక్కలు పెంచితే ఆయన తెగులు పెంచేవాడు. లూసర్న్ అని, పశువులు ప్రాణం పెట్టి తినే మేత ఒకటుంది. చూడ్డానికి మెంతికూరకి పెద్దన్నలా ఉంటుంది. ఒకసారి విత్తితే నాలుగైదేళ్లు కోసినకొద్దీ చిగురిస్తూనే ఉంటుంది. ఉండాలి. ఆ చుట్టుపక్కల మాత్రం రెండో వానాకాలం దాటేది కాదు. నేలలో దాక్కున్న బూజు వేరు పట్టేది, ఆకు పసుపెక్కేది, మొక్కని పట్టుకుని లాగితే పాతగోడలో మేకులా చేతిలోకి ఊడివచ్చేది. వేరుని నిలువునా చీలిస్తే లోపల గోధుమరంగు చారలు, ముక్కు మూసుకోవలసిన వాసన.

ఈ వేరుకుళ్లుకి లొంగకుండా, ఎండకీ చలికీ మొండిగా నిలబడే రకం తయారుచెయ్యడం రోగాలాయన ఉద్యోగం. దానికాయన పట్టిన దారి చూసేవాళ్లకి వింతగా ఉండేది. రోడ్డు వారనున్న అర ఎకరం మడిలోకి ఆ బూజునే తెచ్చి, మేపి, పోషించి, ఆ రోగిష్టి నేలలో వేలకొద్దీ నారు నాటించేవాడు. చచ్చినవి చావగా మిగిలినవాటికి విత్తనం కట్టించి, ఆ విత్తనం నారు పోసి మళ్లీ అదే మడిలో నాటేవాడు. ఆరేళ్లుగా ఇదే పని. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్లు మర్యాదకి “ఏం చేస్తుంటారండీ?” అని అడిగితే, “మొన్న మూడువేలు చచ్చాయండి, చాలా బాగా చచ్చాయి” అని ఉత్సాహంగా మొదలుపెట్టేవాడు. రెండో వడ్డనకి ఆ కుర్చీ ఖాళీ అయ్యేది.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో నర్సు. పొద్దున్నే ఇద్దరూ ఒకే బస్సెక్కేవారు. “ఈయన రోగాలు పెంచడానికి, నేను తగ్గించడానికి. ఇంటికొచ్చాక లెక్క సరిపోతుంది” అనేది ఆవిడ, కండక్టరుతో సహా అందరూ వినేలా. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, దారిలో ఎవరి పొలమైనా పసుపెక్కి కనిపిస్తే మెడ చాచేవాడు. నలుగురూ అయ్యో అనుకునే పొలం ఆయనకి చుట్టాలిల్లు.

బూజు పెరగాలంటే ఉడికించిన జొన్నలు కావాలి. ఆఫీసులో ఆవిరి యంత్రం చెడిపోయింది. బాగుచేసే మనిషి రేపొస్తానని చెప్పి ఏడు నెలలైంది. ఒక ఆదివారం ఇంట్లో కుక్కర్ మాయమైంది.

“ఏవండీ, కుక్కర్ కనబడదేం?”

“ఆఫీసులో ఉంది.”

“ఆఫీసులో దానికేం పని?”

“జొన్నలు ఉడకబెడుతున్నాం.”

“ఎవరు తినడానికి?”

ఆయన కాసేపు కాళ్ల వంక చూసుకుని, “బూజు” అన్నాడు.

ఆవిడ అరవలేదు. మర్నాడు కొత్త కుక్కర్ కొనుక్కొచ్చింది. పాతదాని మూత తెప్పించి, దానిమీద ఎర్ర రంగుతో ‘మళ్లీ ఇంట్లోకి రాకూడదు’ అని రాసి పంపింది. ఆ మాట కుక్కర్‌నుద్దేశించి రాసిందా, మొగుణ్ణుద్దేశించి రాసిందా అని ఆఫీసులో వారం రోజులు చర్చ నడిచింది.

ఇక మామగారు. ఆయన పాల వ్యాపారి, తొమ్మిది ఆవులు. బస్సులో అరగంట దూరంలో ఇల్లూ కొట్టమూ రెండెకరాల పొలమూ. మనిషి పొట్టి, మాట పొడుగు. ప్రతి ఆదివారం స్టీలు క్యానుతో పాలు పట్టుకొచ్చి, చెప్పులింకా విప్పకుండానే మొదలుపెట్టేవాడు.

“అల్లుడుగారూ, ఈ వారం ఎన్ని పోయాయి?”

“నూటపద్నాలుగండీ మామయ్యగారూ.”

“శభాష్. నేను నలభై ఏళ్లుగా గడ్డి వేస్తున్నాను. చంపితే జీతమిస్తారని తెలిస్తే ఇన్ని ఆవుల్ని కాచేవాణ్ణే కాదు.”

“మీ పొలంలో లూసర్న్ ఎలా ఉందండీ?”

ఇక్కడికొచ్చేసరికి మామగారికి దగ్గొచ్చేది. “నాకేం, దివ్యంగా ఉంది. నేనే దున్నేశాను మొన్న. నేలకి విశ్రాంతి ఇవ్వాలి కదా” అని, కూతురి వంక ఒకలాగ చూసి, క్యాను తీసుకుని వెళ్లిపోయేవాడు. ఏడాదికోసారి నేలకి విశ్రాంతి ఇచ్చేటంత దయగల రైతు మరొకడు లేడని రోగాలాయన నిజంగానే నమ్మాడు. ఆయనకి మొక్కలో ఏ కొంచెం తేడా ఉన్నా ఇట్టే తెలిసేది. మనుషుల సంగతి వేరు.

ఏడో ఏడు కేంద్రానికి కొత్త డైరెక్టరు వచ్చాడు. మంచివాడు, శుభ్రత మనిషి. బల్లమీద పెన్ను వంకరగా ఉంటే మాట్లాడుతూ మాట్లాడుతూనే సరిచేసేవాడు. ఆయన వచ్చిన రెండో నెలలో పైఅధికారులు తనిఖీకి వస్తున్నారని కబురందింది. సరిగ్గా అప్పుడే రోగాలాయన, భార్య తరపు బంధువుల పెళ్లని నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఏడేళ్లలో ఆయన వరసగా నాలుగు రోజులు సెలవు పెట్టడం అదే మొదలు.

తిరిగొచ్చిన రోజు బస్సు దిగి, అలవాటుగా రోడ్డు వారన మడివైపు చూశాడు. మడి లేదు. అంటే నేల ఉంది. దానిమీద వరసలు వరసలుగా, స్కేలు పెట్టి గీసినట్టు, బంతిమొక్కలున్నాయి. పసుపొకటి, నారింజ ఒకటి.

ఆయన చేతిలో టిఫిన్ బాక్సుతోనే డైరెక్టరు గదిలోకి వెళ్లాడు.

“రండి రండి. చూశారా?” అన్నాడు డైరెక్టరు సంతోషంగా. “పాపం, మీ మడి అంతా ఎంత పాడైపోయి ఉందండీ! ఒక్క మొక్కకీ ఆరోగ్యం లేదు. తనిఖీవాళ్లు గేటు దాటగానే కనిపించేది అదే. మీరు లేరు కదా అని నేనే దగ్గరుండి చేయించాను. మొక్కలన్నీ పీకించి, నేలంతా మందు పోయించి, రెండు రోజులు ప్లాస్టిక్ షీటు కప్పించాను. ఇప్పుడా మట్టిలో ఒక్క క్రిమి ఉంటే చూపించండి.”

“ఒక్కటీ లేదాండీ?” అన్నాడు రోగాలాయన.

“ఒక్కటీ లేదు.”

“ఆరేళ్లు పట్టిందండీ.”

“ఏమిటి?”

“అవన్నీ రావడానికి.”

డైరెక్టరు పెన్ను సరిచేయబోయి ఆగిపోయాడు. గోడమీదున్న పథకాల పట్టిక వంక చూశాడు. అందులో మూడో వరసలో ‘రోగపు మడి నిర్వహణ’ అని అచ్చంగా తన సంతకం పైనే ఉంది. పాపం, మనిషి ముఖం కూడా ఆ పాత మడిలాగే పసుపెక్కింది. “మళ్లీ... తెప్పించలేమా?” అన్నాడు నీరసంగా. “టెండరు పిలుద్దామా?”

కోపం వస్తే ఎలా ఉంటుందో రోగాలాయనకి అంతగా అలవాటు లేదు. బయటికి వచ్చి, బంతిమొక్కల గట్టున కూర్చుని, టిఫిన్ బాక్సు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. విత్తనాల గదిలో గుడ్డసంచుల్లో మూడు తరాల విత్తనం భద్రంగానే ఉంది. కానీ పరీక్ష పెట్టే నేలే లేకపోతే ఏ గింజ గట్టిదో ఏది ఉత్తదో ఎలా తెలుస్తుంది? కుక్కర్ జొన్నలతో మళ్లీ మొదలుపెడితే మడి ముదరడానికి ఇంకో ఆరేళ్లు. ఆయన పదవీ విరమణకి పన్నెండేళ్లుంది. వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా వేళ్లు చాలలేదు.

ఇంటికెళ్లాక భార్యతో ఒక్క ముక్కే అన్నాడు. “అన్నీ చచ్చిపోయాయి.”

“అది మామూలేగా” అంది ఆవిడ, బట్టలు మడతపెడుతూ.

“మొక్కలు కాదు. రోగాలు.”

ఆవిడ మడతపెడుతున్న చొక్కా పక్కన పెట్టేసింది. పదహారేళ్ల కాపురంలో ఆయన కళ్లలో నీళ్లు చూడ్డం అదే మొదలు. వార్డులో ఎంతమందికో ధైర్యం చెప్పిన మనిషి, ‘తెగులు పోయింది’ అని ఏడ్చేవాడికి ఏం చెప్పాలో తోచక, గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా కూర్చుంది. కొంతసేపటికి గొంతు తగ్గించి అంది.

“నేనొకటి చెబుతాను. మా నాన్నకి నేను చెప్పానని తెలియకూడదు.”

“ఏమిటి?”

“కాలవ పక్కన మా కింది మడి ఉంది చూడండి. ఆయనేం దున్నెయ్యలేదు. నాలుగుసార్లు లూసర్న్ వేశాడు, నాలుగుసార్లూ పోయింది. మొన్నటిది ఏడాది కూడా నిలవలేదు. అల్లుడు శాస్త్రవేత్త, మామ మడిలో గడ్డి మొలవదు అంటే నలుగురూ నవ్వుతారని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.”

రోగాలాయన గ్లాసు కింద పెట్టేశాడు. “ఏడాది కూడా నిలవలేదా?” అన్నాడు. ఆ గొంతులో అంత ఆశ ఆవిడ పెళ్లిచూపుల్లో కూడా వినలేదు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, సంచిలో పలుగూ చిన్నకత్తీ వేసుకుని బయల్దేరాడు. మామగారు కొట్టంలో పాలు పితుకుతున్నాడు. అల్లుడు వారం మధ్యలో రావడం చూసి కంగారుపడి లేచాడు.

“అమ్మాయి బావుందా?”

“బావుందండీ. ఊరికే వచ్చాను. కింది మడి చూసి పోదామని.”

“అక్కడేముంది చూడ్డానికి? విశ్రాంతి తీసుకుంటోంది.”

“దూరంనుంచి చూస్తాను, లేపనులెండి” అని రోగాలాయన నడిచేశాడు. మామగారు పాలచెంబు పట్టుకునే వెనకాల పరుగెత్తాడు.

మడిలో అక్కడక్కడ పది పన్నెండు మొక్కలు చివరి చూపులా నిలబడి ఉన్నాయి. రోగాలాయన ఒకదాన్ని రెండువేళ్లతో పట్టుకున్నాడు. లాగనే లేదు, వచ్చేసింది. గట్టుమీద కూర్చుని వేరుని చీల్చాడు. చూశాడు. వాసన చూశాడు. ఇంకోటి పీకాడు. ఇంకోటి.

“ఏవయ్యా, ఉన్నవీ పీకేస్తున్నావు!” అన్నాడు మామగారు. కోపమొస్తే ‘గారు’ పోయేది ఆయనకి.

రోగాలాయన తలెత్తాడు. ముఖం వెలిగిపోతోంది. “మామయ్యగారూ, ఇంత గొప్ప రోగం నేనెక్కడా చూడలేదండీ!”

“రోగమా? నా నేలకి రోగమా?”

“మామూలుది కాదండీ. రెండు రకాల బూజులున్నట్టున్నాయి. మా కేంద్రంలో ఆరేళ్లు మేపినా ఇందులో సగానికి రాలేదు. ఇది... ఇది తయారుచేద్దామంటే అయ్యేది కాదు.”

కేంద్రంలో సగానికి రాలేదు అన్న మాట మామగారి చెవిలోంచి లోపలికి దిగడానికి కాస్త టైము పట్టింది. తరవాత చెంబు గట్టుమీద పెట్టి, నడుంమీద చేతులు వేసుకుని మడినంతా కొత్తగా చూసుకున్నాడు.

“మీ డైరెక్టరు దగ్గర లేదన్నమాట ఇలాంటిది.”

“లేదండీ. మా మడికి ఆయన మందు పోయించేశారు. కాస్త మట్టి ఇస్తే పట్టుకెళతాను.”

“అయితే మట్టి ఇవ్వను.”

“అయ్యో, మామయ్యగారూ—”

“మట్టి పట్టుకెళితే మళ్లీ ఎవడో మందు పోస్తాడు. నాటేదేదో ఇక్కడే నాటుకో. నేను కాపలా ఉంటాను. నా రోగానికి ఎవడు మందు పోస్తాడో చూస్తాను.”

ఆ వారంలోనే డైరెక్టరు స్వయంగా వచ్చి, మడిని కేంద్రం తరపున వాడుకునేందుకు కాగితాలమీద సంతకం చేసి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ వంకరగా ఉన్న కంచె కర్ర ఒకటి సరిచేశాడు. నాలుగువేల రెండువందల మొక్కలు నాటారు. ఇన్నాళ్లూ ఆ మడి ఊసెత్తితే దగ్గే మనిషి, ఇప్పుడు దారినపోయేవాళ్లని పిలిచి మరీ చూపించేవాడు. “మా అల్లుడుగారు దేశమంతా వెతికారు. చివరికి ఇంతటి రోగం మా మడిలోనే దొరికింది.” పక్క రైతు “మాకూ ఉందండీ కాస్త” అంటే, “ఉంటుంది, ఉంటుంది, మాలాంటిది కాదు” అని కొట్టిపారేసేవాడు.

వానాకాలం వెళ్లేసరికి నాలుగువేల రెండువందల్లో అరవై ఒక్కటి మిగిలాయి. అరవై ఒక్కటీ ముదురాకుపచ్చగా, బోరవిరుచుకుని నిలబడ్డాయి. ప్రతి మొక్కకీ రేకుముక్క మీద నంబరు కొట్టి కట్టాడు రోగాలాయన. పదిరోజుల్లో వాటిని తవ్వి, కుండీల్లోకి మార్చి, ఒకదానితో ఒకటి కలిపి విత్తనం కట్టించాలి.

పదిరోజులు గడవలేదు. ఆరోరోజు మధ్యాహ్నం ఆయన మడికి వచ్చేసరికి కంచె తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల తొమ్మిది ఆవులూ ఉన్నాయి. అవి తినడం అయిపోయి, తీరిగ్గా నెమరువేస్తున్నాయి. ఒకదాని నోటి చివర రేకుముక్క వేలాడుతోంది. నంబరు నలభై ఏడు.

తలుపు గొళ్లెం వెయ్యడం మరిచింది మరెవరో కాదు, ఊరందరికీ మడి చూపిస్తూ తిరిగిన కాపలాదారే. మామగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. అల్లుణ్ణి చూసి ఏదో అనబోయేలోపు నల్లావు ఒక పక్కకి ఒరిగింది. దాని ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. పచ్చి లూసర్న్ ఖాళీ కడుపుతో ఎక్కువ తింటే జరిగేదే అది.

ఆ మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్లు చెరో దిక్కూ కూర్చుని ఏడ్చారు. ఒకాయన మొక్కల కోసం, ఒకాయన ఆవు కోసం. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన నర్సు ఒకరిచేత ఒకర్ని ఓదార్పిద్దామని చూసింది, కుదరలేదు. చివరికి ఆవిడే పశువుల డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన వచ్చి గొట్టం వేసి గాలి తీసేదాకా ఆవు తల పట్టుకుంది. “మనుషుల వార్డే నయం. రోగి తరపువాళ్లు కాస్తయినా పనికొస్తారు” అంది. ఆవు బతికింది.

మామా అల్లుళ్లకి మాటలు ఆగిపోయాయి. ఆదివారం పాలు వచ్చేవి, పాలాయన వచ్చేవాడు కాదు. బస్సు కండక్టరు చేతికి క్యాను ఇచ్చి పంపేవాడు. రోగాలాయన ఆఫీసులో విత్తనాల గది తలుపు వేసుకుని, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచేవాడు. డైరెక్టరు వచ్చి రెండుసార్లు టీ ఇప్పించాడు. ఎదురుగా కూర్చుని తనూ తాగాడు. నష్టపోయినవాడితో ఎలా కూర్చోవాలో అప్పటికి డైరెక్టరుకి బాగా తెలిసింది.

మూడోవారం ఒక పొద్దున బస్టాపులో మామగారు నిలబడి ఉన్నాడు. ఆదివారం కాదు. చేతిలో క్యాను లేదు. తడిగుడ్డలో చుట్టిన చిన్న పొట్లం ఉంది. కూతురి చేతికి ఇచ్చి, “ఆయనకి చూపించు” అన్నాడు, ఆ ‘ఆయన’ మూడడుగుల దూరంలో నిలబడి ఉండగానే.

గుడ్డ విప్పితే లేత చిగురు. మూడేసి ఆకులు, అంగుళమున్నర పొడవు.

“ఎక్కడిది?” అన్నాడు రోగాలాయన.

“ఎక్కడిదని అడుగుతున్నారు, చెప్పు” అన్నాడు మామగారు కూతురితోనే. “రోజూ వెళ్లి కూర్చుంటున్నానని చెప్పు. ఆవులు మోడు దాకా కొరికి, తొక్కి, మట్టిలో కలిపేశాయి కదా. ఆ మోళ్లలోంచే వస్తున్నాయి. నిన్నటికి ముప్పై ఎనిమిది లెక్కపెట్టాను. మిగతావి రాలేదు. వస్తాయేమోనని చూశాను, రావు.”

రోగాలాయన చిగురుని అరచేతిలోకి తీసుకున్నాడు. తెగులుని తట్టుకున్నవి అరవై ఒకటి. తెగులుతోపాటు తొమ్మిది ఆవుల పళ్లనీ ముప్పైఆరు గిట్టల్నీ తట్టుకున్నవి ముప్పై ఎనిమిది. అంతటి పరీక్ష ఆయన ఏ కాగితం మీదా రాసుకోలేదు. రాసుకున్నా పెట్టే ధైర్యం ఉండేది కాదు. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. మామా అల్లుళ్లు ఎదురుదిక్కు బస్సెక్కి, ఒకే సీట్లో కూర్చుని మడికి వెళ్లారు. నర్సు ఆటోలో ఆసుపత్రికి వెళ్లి పదినిమిషాలు ఆలస్యమైంది.

ఆ ముప్పై ఎనిమిదింటినీ కుండీల్లోకి మార్చి, మామగారి పెరట్లో దోమతెర కట్టి లోపల పెట్టారు. ఊదారంగు పువ్వులు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. లూసర్న్ పువ్వుది ఒక చిత్రమైన స్వభావం. లోపల స్ప్రింగులాంటి కాడ ఒకటి బిగబట్టుకుని ఉంటుంది. ఏదైనా వాలి నొక్కితే ఠపీమని లేచి కొడుతుంది, పుప్పొడి అంటేది అప్పుడే. తేనెటీగల పెట్టె తెచ్చి తెరలో పెట్టారు గాని, ఆ ఈగలు మహా గడుసువి. ముఖంమీద రెండు దెబ్బలు పడగానే తెలివి తెచ్చుకుని, పక్కసందులోంచి దూరి తేనె తాగి, పని చెయ్యకుండా చక్కాపోయాయి.

“మీ ఆఫీసునుంచి తెచ్చావా వీటిని?” అన్నాడు మామగారు.

చివరికి ఇద్దరూ స్టూళ్లు వేసుకుని, చెక్కిన అగ్గిపుల్లలతో ఒక్కో పువ్వునీ నొక్కుతూ కూర్చున్నారు. ఈ మొక్క పుప్పొడి ఆ మొక్కకి, ఆ మొక్కది ఇంకోదానికి. పాలాయనకి కళ్లద్దాలు జారిపోయేవి, చెయ్యి మాత్రం వణికేది కాదు. నలభై ఏళ్లు పొదుగులు పట్టిన వేళ్లు.

“ఈ వయసులో నాచేత పువ్వులకి పెళ్లిళ్లు చేయిస్తున్నావు. పదమూడుకీ ముప్పైకీ కుదిరిందా?”

“కుదిరిందండీ.”

“పదమూడంటే కాస్త పొగరు దానికి. చూసి ఇవ్వాల్సింది.”

నెలన్నర తరవాత, వంకీలు తిరిగిన కాయల్లోంచి గ్లాసులో సగం విత్తనం దొరికింది. ఆవగింజకన్నా కాస్త పెద్దవి, పసుపుపచ్చవి. రోగాలాయన ఆ గ్లాసుని బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చాడు. పక్కనెవరో తుమ్మబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

కథ అక్కడితో అయిపోయిందంటే బావుండేది. ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. అదే మడిలో మరో రెండుసార్లు నాటారు, చంపారు, ఏరారు. కావాలనే ఆవుల్ని వదిలారు, ఈసారి వాటి కడుపు ముందే ఎండుగడ్డితో నింపి. తరవాత వేరే వేరే నేలల్లో, నీళ్లు నిలిచేచోట్ల, మంచు కురిసేచోట్ల, రాళ్ల నేలలో పరీక్షలు పెట్టారు. పాత రకం రెండో వానాకాలానికి నేలకి ఒరిగితే, ఇది ఐదో ఏడు కూడా నెలకోసారి కోతకి వచ్చింది. కొత్త రకాల్ని ఎంచే సంఘంవాళ్లు సమావేశంలో కాగితాలు తిరగేసి, పేరేం పెడదామని అడిగారు. రోగాలాయన భార్య పేరు మనసులో పెట్టుకుని వెళ్లాడు. తీరా లేచి నిలబడ్డాక సిగ్గుపడి, “మీ ఇష్టమండీ” అన్నాడు. వాళ్లు మూడక్షరాలూ ఒక నంబరూ పెట్టారు.

రైతులకి ఆ నంబరు నోరు తిరగలేదు. పొలం చూడ్డానికి వచ్చినవాళ్లకి మడిలో ఎదురయ్యేది, అన్నీ వివరించేది పాలాయనే. ‘వాళ్ల మామగారి మడిలోదట’ అని ఒకరు, ‘మామగారి గడ్డట’ అని ఇంకొకరు అనగా అనగా, చివరికి ఆ రకం పేరు మామగడ్డి అయికూర్చుంది. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు రోగాలాయన అన్నం సగంలో వదిలేసి లేచాడు. మామగారు మాత్రం వినయంగా తల వంచుకుని, “నాదేముంది, అంతా అల్లుడుగారి కృషి” అన్నాడు. ఆ వినయం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండేలా ఉంది.

పదవీ విరమణ తరవాత ఒకరోజు ఆయనా భార్యా పెరట్లోకి బీరవిత్తనాలు కొందామని విత్తనాల దుకాణానికి వెళ్లారు. ముందున్న రైతుకి దుకాణదారు ఒక సంచి చూపిస్తున్నాడు.

“ఇది తీసుకెళ్లండి. వేరు కుళ్లదు. పశువులు తొక్కినా మళ్లీ లేస్తుంది. దీన్ని మించింది లేదు.”

“ఎవరు చేశారండీ ఇది?” అని అడిగాడు రైతు.

“ఎవరో కంపెనీవాళ్లు.”

రోగాలాయన నిటారుగా నిలబడ్డాడు. భార్య ఆయన వంక చూసింది. చెప్పమన్నట్టు మోచేత్తో పొడిచింది కూడా. ఆయన గొంతు సవరించుకుని, “నీళ్లు నిలిచే నేలైతే మొదటి ఏడు కాస్త కాలవ తీసుకోమనండి. గట్టిదే, కానీ పసితనంలో కొంచెం చూసుకోవాలి” అన్నాడు.

దుకాణదారు కళ్లద్దాల పైనుంచి చూశాడు. “మీకు పశువులున్నాయాండీ?”

“లేవు.”

“పొలం?”

“లేదు.”

“మరి!” అని, దుకాణదారు రైతువైపు తిరిగి సంచి తూకం వెయ్యడం మొదలుపెట్టాడు.

రోడ్డుమీదికి వచ్చాక భార్య నవ్వు ఆపుకోలేక కరెంటు స్తంభం పట్టుకుంది. ఆయన బీరవిత్తనాల పొట్లం విప్పి, అరచేతిలో వేసుకుని, ఒక్కొక్క గింజా తిప్పి చూస్తున్నాడు.

“పన్నెండింట్లో రెండు ఉత్తవే. వెళ్లి మార్పించనా?” అన్నాడు.

“వద్దు, బస్సొస్తోంది. పదండి” అంది ఆవిడ.